రెండో వైపు మొదటి గంట

మా శనివారం క్లబ్బులో పదకొండు మందిమి. వాయించడం ఒక్కరికీ రాదు, అభిప్రాయాలు మాత్రం అందరికీ వచ్చు. ఫైర్ స్టేషన్ మేడ మీద గదిలో మధ్యాహ్నం రెండింటికి చేరతాం. ఒక పెద్ద రికార్డు వింటాం. ఆ తర్వాత దాని మీద దెబ్బలాడుకుంటాం. రికార్డు మొదటి వైపు అయిపోగానే అందరం లేస్తాం, యార్మిలా కాఫీ పోస్తుంది, గసగసాల కొలాచ్, అదే మా తియ్యరొట్టె, తలా ఒకటి పెడుతుంది. నడుములు విరుచుకుని, గనులు మూసేశాక మా ఊరు ఒస్ట్రవా ఎంత పాడైందో మాట్లాడుకుని, మళ్ళీ కూర్చుని రెండో వైపు వేసుకుంటాం. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. ఇందులో తప్పేముందని మీరు అడగొచ్చు. నేనూ మొన్నమొన్నటిదాకా అలాగే అనుకున్నాను.

నా పేరు లుబోర్. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక రికార్డు కంపెనీలో టేపులు కోసి అతికించే పని నాది. కంపెనీ పేరెందుకులెండి, అది మూతపడి చాలాకాలమైంది. ఒక వాయిద్యం ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో పసిగట్టి సరిగ్గా అక్కడ బ్లేడు పెట్టడంలో నన్ను మించినవాడు లేడని పేరు. ఆ పేరు చూసుకుని నేను బాగానే మురిసిపోయేవాణ్ణి.

నలభై ఒక్క ఏళ్ళ కిందట మా గని కార్మికుల ఆర్కెస్ట్రా ఒక స్వరకావ్యం రికార్డు చేసింది. మాట లేకుండా వాద్యాలతోనే కథ చెప్పే రచన అది, పేరు 'నల్లకొండ'. దాన్ని రాసిన వశూత్ మా పేటవాడే, అప్పటికే పోయాడు. నలభై నాలుగు నిమిషాలు ఆగకుండా సాగుతుంది. నూటపది మంది వాయించాలి. తెల్లవారుజామున దీపాలు పట్టుకుని మనుషులు గనిలోకి దిగుతారు, లోపల కొండ కూలుతుంది, పైన గంట మోగుతుంది, చివరికి వాళ్ళు బయటికొస్తారు. అంతే కథ. మా దగ్గర ఇది ఎవరికీ వివరించాల్సిన పనిలేదు, ప్రతి ఇంట్లోనూ ఆ గంట విన్నవాళ్ళు ఉన్నారు.

ఆ రికార్డులో గంట మోగించింది ద్రాహొమీరా. అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. డప్పులు, తాళాలు, గంటలు వాయించేవాళ్ళలో ఒకతె, ఈ రచనలో మాత్రం ఆమె వంతు గంట ఒక్కటే. వశూత్ తన కాగితాల్లో 'గని గంట' అని రాశాడు, ఏ స్వరమో రాయలేదు. ఇంకెవరైనా అయితే వేలాడే గొట్టాల మీద సుత్తితో కొట్టి పని కానిచ్చేవారు. ద్రాహొమీరా మాత్రం లుద్మిలా గనికి పోయి, వాళ్ళ నాన్న చనిపోయిన రోజున మోగిన గంటనే ఊడదీయించి తోపుడు బండి మీద తెచ్చింది. దాని శ్రుతి పియానోలో పక్కపక్కనే ఉండే రెండు మెట్ల మధ్య పడుతుంది. అటూ చెందదు, ఇటూ చెందదు. ఆమె, బృంద నాయకుడు హావ్రాన్ గారు కలిసి రెండు వారాలు ఏవో గుసగుసలు పోయి, ఆ గంటే ఉండాలని తేల్చారు.

రికార్డు విడుదలైంది. సంగీత పత్రికలో డాక్టర్ ఎవ్జెన్ మార్వాన్ సమీక్ష రాశారు. ఆ రోజుల్లో ఆయన పొగిడితే రికార్డు నిలిచేది, విసుక్కుంటే మూల పడేది. ఆర్కెస్ట్రాను నాలుగు మాటలు మెచ్చుకుని, చివర్లో ఒక్క వాక్యం రాశారు: "రెండో వైపు మొదట్లోనే వినబడే ఆ గంటను ట్రాముకి కట్టుకుని ఉంటే నలుగురికీ ఉపయోగపడేది."

ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ మాట దాచను. ఆ చలికాలమే హావ్రాన్ గారు గుండె ఆగి పోయారు, ఆర్కెస్ట్రా చెల్లాచెదురైంది. ద్రాహొమీరా ఎవరికీ మొహం చూపించలేదు. వసంతంలో చూస్తే ట్రాము నడుపుతూ కనిపించింది. సమీక్షను ఉద్యోగ ప్రకటన అనుకుందని జనం రెండోసారి నవ్వారు. ఇరవై రెండేళ్ళు నడిపింది. మార్వాన్ గారు పరిగెత్తుకుంటూ వస్తుంటే చూసి మరీ తలుపు వేసేసేదని అంటారు. ఆమెనడిగితే టైమంటే టైమే అంటుంది.

ఈ ఏడు మార్చిలో, మూతపడిన మా కంపెనీ టేపుల్ని భద్రపరుస్తున్న ఒకావిడ నాకు 'నల్లకొండ' అసలు టేపుల నకళ్ళు పంపింది. బంగాళదుంపల తొక్క తీస్తూ యథాలాపంగా పెట్టాను. ఇరవై నాలుగో నిమిషం వచ్చింది. కొండ కూలింది. అంతా అణగిపోయి, మనిషెత్తు వయొలిన్లలాంటి డబుల్ బేస్‌లు ఎనిమిది మాత్రం మిగిలాయి. అక్కడే నేను రికార్డును రెండు వైపులుగా విడగొట్టాను. ఒక వైపుకి ఇరవై అయిదు నిమిషాలకు మించి పట్టదు, మొత్తం రచనలో కాస్త సద్దుమణిగే చోటు అదొక్కటే. బేస్‌ల మోతను మెల్లగా తగ్గించి మాయం చేశాను, గంటతో రెండో వైపు మొదలుపెట్టాను. శుభ్రమైన కోత అని మా పెద్దాయన భుజం తట్టాడు కూడా.

నకలులో కోత లేదు. నేను మాయం చేసిన ఆ అర నిమిషం పూర్తిగా ఉంది. బేస్‌లవాళ్ళు ఎనిమిది మంది ఒక చేత్తో కమాను లాగుతూనే, రెండో చేత్తో బిరడాలు కొంచెం కొంచెం వదులు చేస్తున్నారు. ఆ స్వరం నేలలోకి దిగుతున్నట్టు కిందికి జారుతోంది. జారి, జారి, రెండు మెట్ల మధ్య ఎవరికీ చెందని ఆ చోట ఆగింది. సరిగ్గా అక్కడే గంట మోగింది.

కత్తి చేతిలో అలాగే ఉండిపోయింది. హావ్రాన్ గారి గుసగుసలు ఏమిటో నలభై ఒక్క ఏళ్ళకు నాకర్థమైంది. గంటను ఆర్కెస్ట్రాకి సరిపెట్టలేదు వాళ్ళు, ఆర్కెస్ట్రానే గంట దగ్గరికి నడిపించారు. ఆ దారిని నేను బ్లేడుతో కోసి పారేశాను. వినేవాళ్ళు లేచి, రికార్డు తిప్పి, కాఫీ తాగి, గనుల గురించి మాట్లాడుకుని, తాజా చెవులతో కూర్చుంటే ఆ గంట అపశ్రుతి గాక ఏమవుతుంది? ద్రాహొమీరా పరువు తీసింది మార్వాన్ కాదు, నేను. సిగ్గుతో చచ్చిపోయాను. చెబితే నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది, కానీ చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఏప్రిల్ గడిచింది, వేసవి గడిచింది. అక్టోబరులో రికార్డు ఎంచుకునే వంతు నాకొచ్చింది.

ఆమె ఇంటికి వెళ్ళాను. వెల్లుల్లి చారు కాస్తోంది.

"శనివారం క్లబ్బుకి రా. 'నల్లకొండ' పెడుతున్నాను," అన్నాను.

గరిటె తిప్పడం ఆపలేదు. "నీకేం పనీ పాటా లేదా లుబోర్?"

"ఒక్కసారి విను చాలు."

"విన్నానయ్యా. రికార్డు వచ్చిన వారం కొట్లో పెట్టించుకుని విన్నాను. రెండో వైపు వేశాడు. ఒక్క దెబ్బ విన్నాను, చాలనిపించింది."

"ఏమనిపించింది?"

"ఏమనిపిస్తుంది? తప్పనిపించింది." గరిటె పక్కన పెట్టింది. "అందరూ మార్వాన్ మీద కోపంతో నేను మానేశాననుకుంటారు. ఆయనెవరు నాకు? నా చెవికే తప్పనిపించింది. హాల్లో వాయించినప్పుడు అంత బాగా వినబడింది రికార్డులో అలా ఎందుకుందో ఇప్పటికీ నాకర్థం కాదు. నా చెవిని నేనే నమ్మలేకపోతే ఇంక సుత్తి పట్టుకుని ఏం లాభం?"

నోటిదాకా వచ్చింది. మింగేశాను. పిరికితనం అంటే ఇదే, వేరే పేరు లేదు.

"నా కోసం రా," అన్నాను.

"నీ కోసం ఎందుకు రావాలయ్యా? నువ్వు నాకేమవుతావు?"

"ఏమీ కాను. అందుకే అడుగుతున్నా."

చారు పోసిచ్చింది, మాట ఇవ్వలేదు. ఉప్పు ఎక్కువైంది. ఆ మాట నేను అనలేదు.

శనివారం క్లబ్బులో మొదటి యుద్ధం యార్మిలాతో. ఇవాళ మధ్యలో విరామం లేదని చెప్పాను.

"అంటే?" అంది కెటిల్ పట్టుకుని.

"నలభై నాలుగు నిమిషాలు ఏకబిగిన. ఇది రికార్డు కాదు, రెండో వైపు లేదు."

"వైపు లేకపోతే కాఫీ ఎప్పుడు పొయ్యాలి? కొలాచ్‌లు వేడి మీద ఉన్నాయి మరి."

"అయ్యాక తిందాం."

"చల్లారిన కొలాచ్ మీ ఇంట్లో తింటారేమో. మా ఇంట్లో కోళ్ళకి వేస్తాం."

మార్వాన్ గారు, ఆయనా మా పదకొండు మందిలో ఒకరే, కిటికీ పక్క తన కుర్చీలో సర్దుకుంటున్నారు. ఎనభై రెండేళ్ళు, మెడకి విల్లు టై, చెవికి యంత్రం. "నా వయసులో నలభై నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చోవడమంటే అది సంగీతం కాదయ్యా, శిక్ష," అన్నారు.

"ముందే పక్కకెళ్ళి రండి డాక్టరు గారూ," అన్నాను. కొందరు నవ్వారు. ఆయన నిజంగానే లేచి వెళ్ళొచ్చారు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ద్రాహొమీరా. ట్రాము కంపెనీ వాళ్ళిచ్చిన పాత నీలం కోటు, తలకి స్కార్ఫు. యార్మిలా కెటిల్ కింద పెట్టేసింది. ద్రాహొమీరా తలుపు దగ్గరి కుర్చీలో, ఎప్పుడైనా లేచి పోవడానికి వీలుగా, అంచు మీద కూర్చుంది.

"ఇవాళ ట్రాములు లేవా అమ్మా?" అన్నారు మార్వాన్.

"ఉన్నాయి డాక్టరు గారూ. మీరు నడిచి వెళ్దురుగాని," అంది.

ఆయన మూతి బిగించి నావైపు తిరిగారు. "అదే రికార్డింగా?"

"అదే."

"గంట మార్చలేదు కదా?"

"లేదండీ."

"అయితే నా అభిప్రాయమూ మారదు. వినకముందే రాసుకోండి."

మా క్లబ్బుకో నోటుపుస్తకం ఉంది. విన్నాక ఒక్కొక్కరు చెప్పింది అందులో ఎక్కుతుంది. యార్మిలా నిజంగానే పెన్ను తీసింది. ఈ గదిలో ఇప్పుడు ఆ గంట మళ్ళీ తప్పని తేలితే, ద్రాహొమీరా ఇంక చచ్చేదాకా తన చెవిని నమ్మదు. నా చెవి కూడా ముసలిదే కదా, మార్చిలో విన్నది నా పశ్చాత్తాపమేనేమో అన్న భయం ఒకటి. బటన్ నొక్కాను.

మొదట ఏమీ వినపడదు. పొగమంచులాంటి ఫ్లూట్లు, అడుగున డోలు మీద వేళ్ళతో మీటినంత చప్పుడు. తర్వాత దీపాలు ఒకటొకటిగా వస్తాయి. ఒక క్లారినెట్, రెండు, నాలుగు. అంత పెద్ద ఆర్కెస్ట్రా ఉండి కూడా ఎంత పొదుపుగా మొదలుపెట్టాడో వశూత్. చెల్లో వాద్యాలు గని లిఫ్టులా దిగుతుంటే మా పాత గని మేస్త్రీ ఒకాయన కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. సుత్తులు మొదలయ్యాయి, ఇత్తడి వాద్యాలు లేచాయి, పని ఊపందుకుంది. మా వాళ్ళు అంత బాగా వాయించారని నేను మరిచేపోయాను. నూటపది మందిలో సగం మంది రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్ళే.

ద్రాహొమీరా వైపు చూశాను. కళ్ళు మూసుకుంది, పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను.

కొండ కూలింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆ తర్వాత బేస్‌లు.

సరిగ్గా అప్పుడే మార్వాన్ గారు లేచారు. కోపంతో కాదు. నలభై ఏళ్ళుగా ఆ చోట లేవడం ఆయన మోకాళ్ళకి అలవాటు. ఇంట్లో లేచి రికార్డు తిప్పేవారు, ఇక్కడ లేచి కాఫీ అందుకునేవారు. చెయ్యి కూడా కప్పు కోసం ముందుకు చాచారు. యార్మిలా కూడా సగం లేచింది. ఇంతలో వాళ్ళకి తెలిసింది, సంగీతం ఆగలేదని.

బేస్‌లు జారుతున్నాయి. ఆ అర నిమిషాన్ని ఆ గదిలో అంతకు ముందెవ్వరూ వినలేదు. ఎనిమిది మంది, కిందికి, ఇంకా కిందికి. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. ఆయన తల కొంచెం పక్కకి వాలింది, యంత్రం ఉన్న చెవి స్పీకర్ పెట్టె వైపు తిరిగింది. స్వరం ఆగింది. ఎక్కడ ఆగిందో ఆయన చెవికి తెలిసినట్టుంది, నోరు తెరుచుకుంది.

గంట మోగింది.

చాలా పెద్ద గంటేమీ కాదది. కానీ ఆ క్షణాన ఇంకే స్వరమూ అక్కడ నిలబడలేదు. ఎనిమిది తీగలు ఆ గంటకే చాప పరిచినట్టు కింద పరుచుకున్నాయి, గంట వచ్చి వాటి మీద కూర్చుంది. రెండో దెబ్బ. మూడోది. గని మేస్త్రీ టోపీ తీశాడు. తొమ్మిదో దెబ్బ అయ్యేసరికి నా కళ్ళ ముందు ఏమీ కనపడలేదు, ఏడుస్తున్నానని ఆలస్యంగా తెలిసింది.

మార్వాన్ గారు మళ్ళీ కూర్చోలేదు. తర్వాతి ఇరవై నిమిషాలూ నిలబడే విన్నారు. దూరం నుంచి హార్న్‌లు వచ్చాయి, హాలు బయట మెట్ల మీద నిలబడి ఊదినవి. ఒక మనిషి బతికున్నాడని చెప్పే హార్న్, దానికి జవాబిచ్చే ఇంకోటి. లిఫ్టు పైకొస్తోంది. ఒక్కో వాద్యమూ వెలుగులోకి వచ్చి చేరుతోంది. చివర్లో ఆర్గన్, ట్రంపెట్లు, వాటన్నిటి మధ్యలో మళ్ళీ అదే గంట. ఈసారి నూటపది మందీ దాని శ్రుతి దగ్గరికే వచ్చి చేరారు. సూర్యుడొచ్చాడు. కింద ఫైర్ స్టేషన్లో ఎవరో చప్పట్లు కొట్టారు, అంత గట్టిగా పెట్టానన్నమాట.

సంగీతం ఆగింది. మార్వాన్ గారే ముందు మాట్లాడారు.

"రికార్డులో ఎక్కడ కోశారు?"

"బేస్‌లు జారేచోట," అన్నాను.

"ఎవరు కోశారు?"

ఏడు నెలలుగా ఈ ప్రశ్న నుంచే పారిపోతున్నాను. ఆయన వైపు చూడలేదు, ద్రాహొమీరా వైపు తిరిగాను.

"నేనే కోశాను ద్రాహొమీరా. అర నిమిషం తీసేశాను. నీ గంట తప్పు కాదు, ఏనాడూ కాదు. దాని ముందున్న దారి నేను చెరిపేశాను. మార్చిలో తెలిసింది నాకు. చెప్పడానికి మొహం చెల్లలేదు."

ఆమె నా వైపు తిరిగింది.

"ఇరవై రెండేళ్ళు ట్రాము ఎక్కించావు కదయ్యా నన్ను," అంది.

"అవును."

"తెల్లారి నాలుగింటికి లేచేదాన్ని. మంచులో."

"అవును."

ఇంకేమంటుందోనని తల వంచుకున్నాను. ఈలోగా మార్వాన్ గారు గది దాటి ఆమె కుర్చీ దగ్గరికి వచ్చారు. ఎనభై రెండేళ్ళ మనిషి, కర్ర లేకుండా.

"అమ్మా, నేను తిరగేసిన రికార్డు విన్నాను. దాని మీద తీర్పు రాశాను," అన్నారు. "అటూ ఇటూ ఒకటే రచన అని నాకు తెలుసు. తెలిసి కూడా లేచి, కాఫీ తాగి, వచ్చి కూర్చుని రాశాను. యార్మిలా, పుస్తకం ఇలా ఇవ్వు." ఆయన చెప్పి రాయించలేదు, తనే రాశారు. రాసి పైకి చదివారు. "ఈ రికార్డింగులో గంట శ్రుతిలో ఉంది. మిగతా ఆర్కెస్ట్రా దాని దగ్గరికి చేరుకోగలిగింది. నేను చేరుకోవడానికి నలభై ఒక్క ఏళ్ళు పట్టింది. మార్వాన్."

మా పదకొండు మందిలో ఏ ఇద్దరికీ ఎప్పుడూ పొత్తు కుదరదు. ఆ రోజు అందరూ ఒకేసారి లేచారు. గని మేస్త్రీ చప్పట్లు మొదలుపెట్టాడు, యార్మిలా కెటిల్ మూతను గరిటెతో మోగించింది, కింద ఫైర్ స్టేషన్ వాళ్ళు ఏమైందోనని మెట్లెక్కి వచ్చి, ఎందుకో తెలియకుండానే వాళ్ళూ కొట్టారు. ద్రాహొమీరా మధ్యలో నీలం కోటుతో అలాగే కూర్చుంది. మొహంలో సంతోషమూ లేదు, కన్నీళ్ళూ లేవు. నాకు భయమేసింది.

"నీకెలా ఉంది?" అని అడిగాను. "శ్రుతిలోనే ఉంది కదా?"

"నాకేం తెలుసయ్యా," అంది చిరాగ్గా. "నేను వినలేదు."

"అదేంటి?"

"మొదటి నుంచీ లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాను. నా వంతు రావడానికి ఆరువందల పన్నెండు ఆవర్తాలు ఖాళీ. ఒక్కటి తప్పితే అయిపోయె. గంట దగ్గర కొట్టడానికే సరిపోయింది, వినడానికి తీరికెక్కడిది?"

ఆమె కుడిచెయ్యి ఇంకా పిడికిలి బిగించే ఉంది, సుత్తి పట్టుకున్నట్టు. అప్పుడు చూశాను. నలభై ఒక్క ఏళ్ళలో ఒక్క ఆవర్తం కూడా ఆమె మరిచిపోలేదు.

"మళ్ళీ పెట్టు," అంది. స్కార్ఫు విప్పింది, కోటు విప్పి కుర్చీకి వేసింది. అంచు మీంచి వెనక్కి జరిగి సర్దుకుంది. "ఈసారి వింటాను."

"కాఫీ తాగాక పెట్టుకుందాం," అనబోయింది యార్మిలా.

"నోరు మూసుకో," అన్నారు మార్వాన్ గారు, ఆమెతో ఎంతో మర్యాదగా ఉండే మనిషి.

మళ్ళీ పెట్టాను. ఇరవై నాలుగో నిమిషంలో, ఎవరూ చెప్పకుండానే, అందరం లేచి నిలబడ్డాం. బేస్‌లు కిందికి జారాయి. ద్రాహొమీరా పెదవులు కదలడం లేదు, చెయ్యి ఒళ్ళో తెరుచుకుని ఉంది. గంట మోగింది. ఆమె తల ఊపింది, ఒక్కసారి.

"నాన్న గంట," అంది.